గుజ్జు రాటర్‌డామ్‌కి, చీటీ ఎవరి పేరు మీద?

తిరుపతిలోని ఒక స్టూడియోలో రికార్డు చేసిన చర్చకు ఇది అక్షర రూపం. మాట మీద మాట పడిన చోట్ల, టీ కోసం ఆపిన చోట్ల కత్తిరించాం. మిగతాది మాట్లాడినట్టే ఉంచాం. పాల్గొన్నవాళ్లు కోరినందువల్ల పేర్లు ఇవ్వలేదు. ఎవరి పని ఎవరి పేరు మీద ఉందని ఇంత వాదన జరిగాక ఇది కాస్త విడ్డూరమే, అయినా మాటంటే మాట.

కూర్చున్నది నలుగురు: బంగారుపాళ్యం దగ్గరి పల్లె నుంచి వచ్చిన పాడి రైతు (మూడు ఆవులు, రెండెకరాల మామిడి), తిరుపతిలో ఆర్థికశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు, సత్యవేడు వైపు నుంచి వచ్చిన ఒక మాజీ ఫోన్ల ఫ్యాక్టరీ ఆపరేటర్, చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే వ్యాపారి. మధ్యలో ఒక ఫోన్ కాల్ వచ్చింది.

వ్యాఖ్యాత: నమస్కారం. 'ప్రపంచీకరణ, మహిళల ఉపాధి' అని టాపిక్ చెప్పగానే మా కెమెరామెన్ "సార్, దీనికి వ్యూస్ రావు" అన్నాడు. అతని మాట అబద్ధం కావాలని కోరుకుంటూ, పెద్ద మాటలు పక్కన పెట్టి అక్క తెచ్చిన కాగితంతో మొదలుపెడదాం. అక్కా, ఏంటది?

పాడి రైతు: పాల చీటీ. ఈ పొద్దుటిది. 5.4 లీటర్లు, ఫ్యాట్ 3.9, ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాని మిగతా గట్టి పదార్థం, 8.3. ఇదిగో పైన నా పేరు.

వ్యాఖ్యాత: పేరు ముందు చూపిస్తున్నారే, రేటు కాకుండా?

పాడి రైతు: రేటుదేముంది సార్, ఇవాళ ఒకటి ఉంటుంది, రేపు ఒకటి. ఈ పేరు రావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అంతకు ముందు వేరే డెయిరీకి పోసేవాళ్లం, కార్డు మా ఆయన పేరున ఉండేది. ఆవుకు తవుడు కలిపేది నేను, పేడ తీసేది నేను, తెల్లారుజామున పాలు పిండేది నేను. డబ్బులు వచ్చే రోజు మాత్రం చొక్కా వేసుకుని ఆయన పోయేవాడు. (నవ్వులు) మంచోడే. కానీ దాణా మూటకు డబ్బులు అడగాలంటే నేనే ఆయన మూడ్ చూసుకుని అడగాలి.

అధ్యాపకురాలు: ఆమె ఇప్పుడు పోస్తున్నది శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీకి. ఇదే తిరుపతి కేంద్రంగా 2014లో మొదలైంది. వాటాదారులందరూ ఆడవాళ్లే. ఇది మన ఊరి విషయం కాబట్టి మనకు పెద్దగా అనిపించదు గానీ, 2018లో అంతర్జాతీయ డెయిరీ సమాఖ్య దీనికి అవార్డు ఇచ్చింది.

వ్యాఖ్యాత: మేడమ్, అక్క ఆవు బంగారుపాళ్యంలో ఉంది. పాలు తాగేది మనమే. ఇందులో ప్రపంచం ఎక్కడ?

అధ్యాపకురాలు: పాలపొడిలో ఉంది. పాలు ఎక్కువైనప్పుడు డెయిరీలు పొడి కొడతాయి. ఆ పొడికి ప్రపంచ మార్కెట్లో ఒక ధర ఉంటుంది. 2017, 18లో ఆ ధర బాగా పడిపోయింది, ఇక్కడ పొడి నిల్వలు పేరుకుపోయాయి. దేశమంతటా చాలా డెయిరీలు రైతుకిచ్చే ధర తగ్గించాయి. బయటి నుంచి ఒక్క డబ్బా కూడా రానక్కర్లేదు, ధర ఒక్కటి వస్తే చాలు.

పాడి రైతు: అప్పుడు మా ఊళ్లో ఇద్దరు ఆవుల్ని సంతకు తోలేశారు. కారణం మాకేం తెలుస్తుంది? మిషన్ రీడింగ్‌లో మోసం చేస్తున్నారనుకున్నాం. పాలు తీసుకునే పిల్లోడితో కొట్లాడాం కూడా. పాపం వాడికేం తెలుసు.

అధ్యాపకురాలు: 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం చర్చల నుంచి మన దేశం బయటికొచ్చింది. దానికి చెప్పుకున్న ముఖ్య కారణాల్లో పాడి ఒకటి. న్యూజిలాండ్ తన పాల ఉత్పత్తిలో దాదాపు అంతా బయటి దేశాలకే అమ్ముకుంటుంది. అక్కడ ఒక రైతుకు వందల ఆవులు. వాళ్ల పాలపొడి సుంకం లేకుండా దిగితే మూడు ఆవుల మనిషి తట్టుకోలేదు. 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలోనూ పాల ఉత్పత్తులను పక్కనే పెట్టారు.

ఎగుమతిదారు: ఒక్క నిమిషం మేడమ్. మనం పాలకు తలుపు వేసుకుంటాం. మన మామిడి గుజ్జుకు మాత్రం వాళ్లు తలుపు బార్లా తెరవాలి. ఇది ఎన్నాళ్లు నడుస్తుంది? నా సరుకు సౌదీకి పోతుంది, యెమెన్‌కి పోతుంది, నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌కి పోతుంది. ఆ దేశాలు కూడా "మా రైతు నష్టపోతాడు" అంటే చిత్తూరు తోతాపురి మామిడి రోడ్డు మీద పారబోయాల్సిందే.

పాడి రైతు: మొన్న పారబోసిందీ రోడ్డు మీదే కదా సార్.

(నవ్వులు. ఎగుమతిదారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.)

వ్యాఖ్యాత: 2025 సీజన్ సంగతి. సార్, మీరే చెప్పండి, ఆ ఏడాది ఏం జరిగింది?

ఎగుమతిదారు: చెప్తాను, తిట్టుకోకుండా వినండి. ఎర్ర సముద్రంలో 2023 నవంబర్ నుంచి ఓడల మీద దాడులు మొదలయ్యాయి. చెన్నైలో ఎక్కించిన కంటైనర్ సూయజ్ మీదుగా పోవాల్సింది ఆఫ్రికా కొస చుట్టి పోయింది. కిరాయి పెరిగింది, రోజులు పెరిగాయి, కొనేవాడు ఆర్డర్ తగ్గించాడు. ముందటి ఏడాది డ్రమ్ములు గోడౌన్‌లోనే మిగిలాయి. ఒక్కో డ్రమ్ములో 215 కిలోలు. వాటి మీద బ్యాంకు వడ్డీ నడుస్తోంది. అప్పుడే కాపు విరగ కాసింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అంది, మేము 8 ఇవ్వాలి, మిగతా 4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల క్యూ మీరు చూసే ఉంటారు.

పాడి రైతు: చూడడమేంటి, ఆ క్యూలో నేనున్నా. రెండు రాత్రులు. ట్రాక్టర్ కింద గోనెసంచి పరుచుకుని పడుకున్నాం. కింది వరస కాయ రసం కారిపోతోంది. ర్యాంపు వాళ్లేమో ఇంకా తక్కువకు అడుగుతారు.

వ్యాఖ్యాత: ర్యాంపు అంటే, మన జిల్లా కానివాళ్ల కోసం, రైతుల దగ్గర కాయ కొని ఫ్యాక్టరీకి తోలే మధ్య వ్యాపారుల యార్డు. సరే అక్కా, ఆ నాలుగు రూపాయలు మీ ఖాతాలో పడ్డాయా?

పాడి రైతు: మా ఆయన ఖాతాలో పడ్డాయి. పొలం పాస్‌పుస్తకం ఆయన పేరు మీదే కదా ఉండేది.

అధ్యాపకురాలు: నేను చెప్పాలనుకున్నది ఇదే. ఒకే మనిషి, ఒకే ఇల్లు. పాల చీటీ మీద ఆమె రైతు. మామిడి తోటలో రైతు భార్య. ఎర్ర సముద్రంలో ఓడ తిరిగిపోతే నష్టం ఇద్దరికీ, పరిహారం మాత్రం పేరున్నవాళ్లకు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో ఆడవాళ్ల పేరు మీద ఉన్నవి సుమారు 14 శాతం. దక్షిణాది కొంత మేలు గానీ సంబరపడేంత కాదు.

వ్యాఖ్యాత: సార్, మీ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు ఏం చేస్తారు?

ఎగుమతిదారు: అసలు నడిపేదే వాళ్లు. కాయ కడిగాక బెల్టు మీద వస్తుంది. రెండు పక్కలా నిలబడి మచ్చ కాయ, కుళ్లు కాయ ఏరేస్తారు, తొడిమ కోస్తారు. ఆ కన్ను మగాళ్లకు లేదు. ఒక్క కుళ్లిన కాయ పోయిందంటే ఆ బ్యాచ్ శాంపిల్ ఫెయిలవుతుంది, యూరప్ నుంచి కంటైనర్ వెనక్కి రావచ్చు. మే చివర నుంచి జూలై దాకా, ఏడాదికి రెండు నెలలు, రెండున్నర.

మాజీ ఆపరేటర్: ఆ కన్నుకు ఎంతిస్తారు సార్?

ఎగుమతిదారు: రోజు కూలీ అమ్మా. చుట్టుపక్కల ఎంత నడుస్తుంటే అంత.

మాజీ ఆపరేటర్: గుజ్జు తీసే పల్పర్ మిషన్ దగ్గరుండే మగాళ్లకు?

ఎగుమతిదారు: వాళ్లు టెక్నికల్.

మాజీ ఆపరేటర్: కన్ను కూడా టెక్నికలే కదా సార్, మీరే ఇప్పుడు చెప్పారు.

(ఇక్కడ వ్యాఖ్యాత కలగజేసుకుని ఏదో అన్నారు, ఎగుమతిదారు నీళ్లు తాగారు. కెమెరామెన్ మొహం చూస్తే వ్యూస్ మీద ఆశ పుట్టినట్టుంది.)

వ్యాఖ్యాత: మీ కథకే వస్తానమ్మా. మీరు బీఎస్సీ చదివి ఫోన్ల ఫ్యాక్టరీలో చేశారు. ఎక్కడ?

మాజీ ఆపరేటర్: కంపెనీ పేరు వద్దు సార్. అక్కడ ఇప్పటికీ మా చెల్లెలు చేస్తోంది. ఉదయం షిఫ్టుకు నాలుగున్నరకు ఊరి మొదట్లో బస్సు. లోపలికి పోగానే చెప్పులు విడిచి వాళ్ల చెప్పులు, నెత్తికి టోపీ, నీలం కోటు, మణికట్టుకు ఒక బెల్టు. ఆ బెల్టుకు తీగ ఉంటుంది, దాన్ని టేబుల్‌కు తగిలించాలి. మన ఒంట్లోని స్టాటిక్ కరెంటు బోర్డును పాడుచేయకుండా. నా పని, ఫోన్ వెనక మూత వేయకముందు ఆరు స్క్రూలు. అంతే. ఆరు స్క్రూలు బిగించడం, పక్కకు తోయడం. మొదటి వారం కలలో కూడా స్క్రూలే.

పాడి రైతు: ఆవును కట్టేసినట్టు కట్టేస్తారా ఏంటి, తీగతో?

మాజీ ఆపరేటర్: (నవ్వుతూ) అట్లానే అక్కా. బాత్రూంకు పోవాలంటే తీగ విప్పుకుని లైన్ లీడర్‌కు చెప్పి, నా చోట్లో ఇంకొకరు వచ్చాక పోవాలి.

వ్యాఖ్యాత: అంటే నరకం అంటారు.

మాజీ ఆపరేటర్: నేను అట్లా అనలేదు సార్. అందరూ ఇదే అనిపించాలని చూస్తారు. ఆ ఉద్యోగం నాకు ఇష్టం. నెలకు తొమ్మిదిన్నర వేలు చేతికొచ్చేది. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. నా డబ్బులతో స్కూటీ కొన్నాను. ఇరవై ఒకటికి చేయాల్సిన పెళ్లి ఇరవై ఐదుకు వాయిదా వేయించుకున్నాను. పొలం పనికి పోయి ఉంటే మా నాన్న నా మాట వినేవాడే కాదు. నాకు కోపం వచ్చిన విషయం వేరే. మెడలో ట్యాగ్ మీద ఫ్యాక్టరీ పేరుండదు. శాలరీ స్లిప్‌లో ఏదో ఏజెన్సీ పేరు. పదకొండు నెలలయ్యాక "బ్రేక్" అంటారు. నెల ఇంట్లో కూర్చుని మళ్లీ ఫ్రెషర్‌గా చేరాలి. మూడుసార్లు చేరాను. మూడుసార్లూ ఫ్రెషరే. పీఎఫ్ నంబర్లు రెండున్నాయి, ఒకదాన్లో నా పేరు స్పెల్లింగ్ తప్పు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

అధ్యాపకురాలు: ఈ ఫ్యాక్టరీలు ఇక్కడికి ఎట్లా వచ్చాయో ఒక్క మాట చెప్పాలి. చాలామంది స్వేచ్ఛా వాణిజ్యం వల్ల వచ్చాయనుకుంటారు. ఫోన్ల విషయంలో జరిగింది తలకిందులు. 2015 బడ్జెట్‌లో దిగుమతి ఫోన్ల మీద పన్ను 12.5 శాతం, ఇక్కడే తయారైతే ఒక శాతం అన్నారు. అదే ఏడాది ఆగస్టులో సత్యవేడు దగ్గరి శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫాక్స్‌కాన్ కంపెనీ ప్లాంటు నుంచి షావోమీ ఫోన్లు రావడం మొదలైంది. 2017 జూలైలో దిగుమతి ఫోన్ల మీద 10 శాతం కస్టమ్స్ సుంకం వేశారు, 2018 ఫిబ్రవరికి అది 20కి చేరింది, 2024లో 15కి తగ్గించారు. మొదట ప్రభుత్వం గోడ కట్టింది. ఆ గోడ లోపల దొరికిన పని మన సత్యవేడు, వరదయ్యపాళెం ఆడపిల్లలకు వచ్చింది.

ఎగుమతిదారు: అయితే గోడలు మంచివే అంటారా?

అధ్యాపకురాలు: దేనికి, ఎవరికి అని అడగాలి. గోడ తీసేసిన పంట సంగతి అక్కను అడగండి. శెనక్కాయలు.

పాడి రైతు: అబ్బో, అదొక కాలం. మా ఎకరాలు రెండూ అప్పట్లో శెనక్కాయలే. మామిడి తర్వాత వేసింది. శెనక్కాయలు ఉన్నప్పుడు ఆడవాళ్లకు చేతినిండా పని. విత్తనం ఒలవాలి, విత్తేటప్పుడు నాగలి వెనక వేయాలి, రెండు కలుపులు తీయాలి, చెట్లు పీకాలి, కాయలు తెంపాలి. విత్తనానికి ఒలిచేటప్పుడు గింజ చిట్లకూడదు, అందుకే చేత్తోనే. అరుగు మీద పది మంది కూర్చుంటే రేడియో ఒక పక్క, మాటలు ఒక పక్క. బొటనవేలి గోరు అరిగి ఎర్రగా అయిపోయేది, రాత్రి చారన్నంలో వేలు పెడితే ప్రాణం పోయేది. అయినా ఒలిచినంతకు కూలి, ఇంటికి ఒక దోసెడు గింజలు. మామిడికి ఏముంది? మందు కొట్టేది మగాళ్లు, కాయ కోసేది మగాళ్లు. ఆడవాళ్లకు కింద పడినవి ఏరడం.

అధ్యాపకురాలు: 1994లో పామోలిన్ దిగుమతికి లైసెన్సు తీసేశారు. ఆ తర్వాత నాలుగైదేళ్లలో సుంకం బాగా కిందికి దింపారు. మలేషియా, ఇండోనేషియా నూనె వంటింట్లోకి వచ్చింది. పల్లీ నూనె ఖరీదైన సరుకైంది. 2025 మే చివర్లో కూడా ముడి నూనెల మీద మూల సుంకం 20 నుంచి 10కి తగ్గించారు. పట్నంలో నూనె ప్యాకెట్ చవకైతే ఆడవాళ్లకే లాభం అనుకుంటాం, నిజమే. కానీ ఊళ్లో పోయిన కలుపు కూలి ఎవరిదో ఎవరూ రాసిపెట్టలేదు.

ఎగుమతిదారు: పామాయిల్ ఒక్కదాని మీదే వేయకండి మేడమ్. వానలు మొహం చాటేశాయి. బోర్లు వెయ్యి అడుగులకు పోయాయి. అడవి పందులు. శెనక్కాయ వేసి ఎవడు బతికాడు?

పాడి రైతు: అదీ నిజమే. పందులు దున్నేసేవి.

వ్యాఖ్యాత: పీలేరు నుంచి ఫోన్‌లో ఒకరున్నారు. చెప్పండమ్మా, వింటున్నాం.

ఫోన్‌లో: నమస్తే సార్. నేను కువైట్‌లో తొమ్మిదేళ్లు చేసి వచ్చినాను. ఖద్దామా వీసా, ఇంటి పనికి. ఇందాక ఆ పాప పేరు గురించి చెప్తా ఉంటే ఫోన్ చేయాలనిపించింది. నేను పోయేటప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. ఇంటి పనికి పోవాలంటే ముప్పై నిండాలని రూలు. ఏజెంటు పాస్‌పోర్టులో వయసు పెంచి తెచ్చినాడు. పేరు నాదే, వయసు వేరేది. అక్కడ దిగినాక ఆ పాస్‌పోర్టు కూడా నా దగ్గర లేదు, మామా బీరువాలో పెట్టుకుంది.

వ్యాఖ్యాత: మామా అంటే ఇంటి యజమానురాలు.

ఫోన్‌లో: అవును సార్. బాబా, మామా అనే పిలవాలి. మంచి ఇల్లే నాది, కొట్టలేదు, తిండి పెట్టినారు. నా చేత్తో ముగ్గురు పిల్లల్ని పెంచినాను, వాళ్ల మాట కంటే ముందు నాకు అరబ్బీ వచ్చింది. ఇక్కడ నా కూతురిని మా అమ్మ పెంచింది. నేను వచ్చినాక నన్ను "నువ్వు" అనకుండా "మీరు" అనింది సార్, పరాయిదాన్ని అన్నట్టు. ఆ డబ్బుతో ఇల్లు కట్టినాము, అది చెప్పకపోతే తప్పు. ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది. ఇదొక్కటే చెప్పాలనుకున్నా. ఉంటాను సార్.

(కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎడిటింగ్‌లో ఈ ఖాళీని తీసేద్దామా అని అడిగారు, ఉంచమన్నాం.)

అధ్యాపకురాలు: కువైట్ 2015లో ఇంటి పనివాళ్ల కోసం విడిగా చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికి ఒక సెలవు, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దీనార్లు అన్నారు. గల్ఫ్‌లో అది పెద్ద అడుగే. కానీ ఆమె బీరువా సంగతి చట్టానికి ఎట్లా తెలుస్తుంది? మన ముప్పై ఏళ్ల రూలు కూడా ఆడవాళ్లను కాపాడాలనే పెట్టారు. దానివల్ల ఏజెంటు ఫీజు పెరిగింది, వయసు దిద్దడం, విజిట్ వీసా మీద పంపడం పెరిగాయి.

వ్యాఖ్యాత: ఒక చిన్న పక్కదారి. తిరుపతిలో కూర్చుని ప్రపంచ మార్కెట్ అంటే వెంట్రుకల గురించి మాట్లాడకపోతే ఎట్లా?

అధ్యాపకురాలు: 2004 మేలో జెరూసలేంలో ఒక పెద్ద రబ్బీ, ఎల్యాషివ్ అని, తిరుమల వెంట్రుకలతో చేసిన విగ్గులు యూదు స్త్రీలు పెట్టుకోకూడదని తీర్పు చెప్పాడు. దేవుడికి మొక్కి ఇచ్చినవి కాబట్టి అన్నాడు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో విగ్గులు వీధిలో తగలబెట్టారు. ఇక్కడ కల్యాణకట్టలో కూర్చుని గుండు చేయించుకున్న ఆమెకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. 2022 జనవరిలో మన ప్రభుత్వం ముడి వెంట్రుకల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. తక్కువ ధర చూపించి దొంగదారిన మయన్మార్ మీదుగా చైనాకు పోతున్నాయని, ఇక్కడ చిక్కు తీసి జడలు కట్టే పని పోతోందని. ఆ చిక్కు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే.

పాడి రైతు: నేను రెండుసార్లు ఇచ్చా. స్వామికి ఇచ్చా. ఆ తర్వాత అవి ఎక్కడికి పోతే నాకెందుకు మేడమ్? దానికి కూడా లెక్క అడగమంటే నా వల్ల కాదు.

అధ్యాపకురాలు: (నవ్వి) ఒప్పుకుంటున్నాను.

వ్యాఖ్యాత: మన సరుకు మీద అమెరికా సుంకాలు 2025 ఆగస్టు 27న 50 శాతానికి పెరిగాయి కదా సార్, అప్పుడు మీకు తగిలిందా?

ఎగుమతిదారు: గుజ్జుకు అమెరికా మాకు పెద్ద గిరాకీ కాదు. తగిలింది రొయ్యలకు. నెల్లూరు నుంచి పైకి కోస్తా అంతా. అక్కడ తల తీసి పొట్టు ఒలిచే షెడ్లలో ఉండేది ఆడవాళ్లే. ఆర్డర్ ఆగితే ముందు ఆగేది వాళ్ల షిఫ్టు. దాని మీద వేరే రోజు మాట్లాడండి, తెలిసినవాళ్లను పిలిచి.

వ్యాఖ్యాత: మళ్లీ ఫ్యాక్టరీకి. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజుకు పది గంటల పని, ఆడవాళ్లకు రాత్రి షిఫ్టు రెండింటికీ ఒప్పుకుంది. మీరేమంటారమ్మా?

మాజీ ఆపరేటర్: రాత్రి షిఫ్టంటే టీవీలో అందరూ భయపెడతారు. ఫ్యాక్టరీలో నాకు భయం లేదు, లైట్లుంటాయి, కెమెరాలుంటాయి. భయం బస్సు దిగాక. మెయిన్ రోడ్డు నుంచి మా ఊరికి కిలోమీటరు. ఆ కిలోమీటరు కంపెనీది కాదు, పంచాయతీది కాదు. మా నాన్న టార్చి పట్టుకుని వచ్చేవాడు. ఆయన మానుకుని వచ్చిన నిద్ర ఎవరి ఖాతాలో వేయాలి?

పాడి రైతు: నా మాట కూడా వినాలి పాపా. మీ బస్సు వచ్చినప్పటి నుంచి మాకు గడ్డి కోయడానికి మనిషి దొరకడం లేదు. మా కోడలు కూడా పోతుంది ఒక ఫ్యాక్టరీకి. దాని బిడ్డను నేను సాకుతున్నా. పాలు పిండేటప్పుడు వాణ్ణి గుంజకు కట్టేసినంత పని. (నవ్వులు) వద్దనడం లేదు. అది తెచ్చే డబ్బుతోనే ఒక ఆవుకు కిస్తీ కట్టాం.

అధ్యాపకురాలు: మనవణ్ణి మీరు చూడకపోతే కోడలు పోలేదు. ఆమె జీతంలో మీ పని కూడా కలిసి ఉంది. కంపెనీ తక్కువ జీతానికి మనిషిని పెట్టుకోగలుగుతోందంటే క్రెష్ ఖర్చు మీరు భరిస్తున్నారు కాబట్టే.

పాడి రైతు: అంటే నా మనవణ్ణి నేను ఎత్తుకుంటే అది కూడా కంపెనీ పనేనా? ఇదేం లెక్క మేడమ్!

అధ్యాపకురాలు: లెక్కలో రాయరు, అందుకే వింతగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ శ్రామిక సర్వే ప్రకారం 2017-18లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు 23.3 శాతం. 2023-24కు 41.7 అయింది. ఎగిరి గంతేసే అంకె. కానీ పెరిగినదాంట్లో ఎక్కువ భాగం సొంత పని, ఇంటివాళ్ల సేద్యంలోనో వ్యాపారంలోనో జీతం లేని సాయం. ఇప్పుడు అడిగితే సర్వేలో మీరు కూడా 'పని చేస్తున్న మహిళ' అక్కా. ముందు కూడా ఇదే పని చేశారు.

పాడి రైతు: ముందు అడగలేదు, అంతే.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోతోంది. సార్, ఇందాక కన్ను టెక్నికలా కాదా అన్న దగ్గర మీరు నీళ్లు తాగారు. సమాధానం బాకీ ఉంది.

ఎగుమతిదారు: సరే, నిజం చెప్తాను. ఆడవాళ్లను నేను నేరుగా పెట్టుకోను. మేస్త్రీ తెస్తాడు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, మేస్త్రీ పేరు, తలల సంఖ్య. ఇరవై మంది, ముప్పై మంది అని. అందరూ అట్లానే చేస్తారు. రెండు నెలల పనికి ఎవరి పేరని రాస్తాం?

మాజీ ఆపరేటర్: డ్రమ్ముకు నంబరుంటుందా సార్?

ఎగుమతిదారు: తప్పకుండా. బ్యాచ్, తేదీ, షిఫ్టు అన్నీ. ఏ రైతు కాయ, ఏ రోజు కొట్టాం అని రాటర్‌డామ్‌లో వాడు అడిగితే పది నిమిషాల్లో చెప్పాలి. లేకపోతే సరుకు తీసుకోడు.

మాజీ ఆపరేటర్: ఆ బెల్టు దగ్గర ఎవరు నిలబడ్డారో ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదు.

ఎగుమతిదారు: (కొంచెం ఆగి) అడగలేదు. నిజమే. రాయొచ్చు. రాయడానికి ఖర్చేం లేదు. రాశాక పీఎఫ్ అంటారు, ఈఎస్‌ఐ అంటారు, అక్కడ ఖర్చు. నేను ఇక్కడ మాటిచ్చి రేపు మీరు క్లిప్ కట్ చేసి వేస్తే నాకు తలనొప్పి. జూన్‌లో ఫ్యాక్టరీకి రండి, మస్టర్ చూపిస్తాను, అప్పుడు మాట్లాడదాం.

పాడి రైతు: నేనొస్తా. మా వీధి వాళ్లు ఎనిమిది మంది పోయిన సీజన్‌లో మీ కాడే బెల్టు దగ్గర నిలబడ్డారు. పేర్లు నాకు తెలుసు, కావాలంటే ఇప్పుడే రాసుకోండి.

(ఆమె నిజంగానే పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. ఎగుమతిదారు జేబులోంచి పెన్ను తీశారు. రాయడానికి కాగితం లేక పాల చీటీ వెనక్కి తిప్పారు. ఆరో పేరు దగ్గర స్టూడియో టైమ్ అయిపోయింది.)